అన్నం పెట్టేది ఏం జేస్తది?

అత్తగారింట్లో నడిమి అర్రను చూస్తేనే వనజకు రోత పుట్టేది. దీపావళి దాటిందంటే ఆ అర్రలో మంచం ఉండదు, బీరువా ఉండదు, దండెం మీద చీర ఉండదు. నేల నుంచి దూలాల దాకా పత్తే. భైంసా చుట్టుపక్కల పల్లెల్లో ఇది వింతేమీ కాదు. చేను ఉన్న ప్రతి ఇల్లూ ఆ మూడు నాలుగు నెలలు మనుషుల్ని వసారాలోకి నెట్టి, పత్తిని అర్రలో పెడుతుంది. మనుషులు చలికి ముడుచుకు పడుకుంటారు. పత్తి మాత్రం తలుపులు మూసుకుని వెచ్చగా ఉంటుంది. కొత్తల్లుడికి కూడా చేయని మర్యాదలు దానికి చేస్తుంటే చూసి వనజకు ఒళ్లు మండేది.

అంతకంటే పెద్ద రోత ఇంకొకటుంది. ఆ పత్తిలోకి పిల్లలను ఆడుకొమ్మని తోలడం. పక్కింటి పిల్లలు ఇద్దరు, ఎదురింటి పిల్ల ఒకతె, తన నాలుగేళ్ల కూతురు లాస్య కలిసి అటక ఎక్కుతారు. అక్కడి నుంచి పత్తి మీదికి దుంకుతారు. నడుము దాకా దిగబడతారు, పాకి పైకొస్తారు, మళ్లీ అటకెక్కుతారు. వాకిట్లో చింతపండు గింజలు తీస్తూ కూర్చున్న చంద్రవ్వ, అంటే వనజ అత్త, ఆ నవ్వులు విని మురిసిపోతుంది.

ఈ చంద్రవ్వకు భయాలు లేవని కాదు, ఆమె భయాల పుట్ట. మనవరాలు గడప దాటితే అరికాలికి కాటుక చుక్క పెట్టాల్సిందే. వీధి చివర కుక్క దగ్గినా కర్ర పట్టుకుని లేస్తుంది. ట్రాక్టర్ చప్పుడు వినిపిస్తే పిల్లను రెక్క పట్టి లోపలికి గుంజుకొస్తుంది. ఆమె కొడుకు రంజిత్ ఇంకో రకం. పిల్లలను ఎత్తుకపోయే ముఠా దిగిందని ఫోన్లో ఎవరో పంపిన వీడియోను నాలుగు గ్రూపుల్లో పెట్టి, ఆరోజు పొలం పని మానేసి ఊరి మొదట్లో కాపలా ఉన్నాడు. ఆ వీడియోలో కనబడే దుకాణం బోర్డు ఏ భాషలో ఉందో కూడా అతనికి తెలియదు. ఇన్ని భయాలున్న తల్లీకొడుకులకు నిమ్మళంగా ఉండే చోటు ఒక్కటే. పిల్లలను పత్తి అర్రలోకి పంపి, బయట గొళ్లెం పెట్టడం.

వనజ ఊరుకోలేదు. మొదట మెల్లగా చెప్పింది, తర్వాత గొంతు పెంచింది.

"అత్తమ్మా, పిల్లలు పత్తిల మునిగితె ఊపిరాడది. గా అర్రకు తాళమెయ్యి."

చంద్రవ్వ ముక్కున వేలేసుకుంది. "పత్తిల పడి దెబ్బ తాకిందని నీ పుట్టువుల ఎన్నడన్న ఇన్నవా? పరుపుల ఉండేది గదే దూదాయె. పరుపు మీద పండి సచ్చినోళ్లున్నరా?"

"పరుపు మీద పండుతరు గని, పరుపు లోపట పండరు గద."

"లక్ష్మిని ఆడిపోసుకోకు పిల్లా. మన చేన్ల పండిన పత్తి. మనకు అన్నం పెట్టేది. అన్నం పెట్టేది ఏం జేస్తది?"

రంజిత్ ఆ మాటకు తల ఊపాడు. అతను తల్లి ఏమన్నా తల ఊపుతాడు, వనజ ఏమన్నా 'చూద్దాం' అంటాడు.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం పిల్లలు ముగ్గురు అర్ర తలుపు దబదబా బాదారు. రంజిత్ గొళ్లెం తీశాడు. ముగ్గురూ నీళ్లకని కుండ దగ్గరికి పరుగెత్తారు. నాలుగో పిల్ల రాలేదు.

"లాస్య ఏది?" అంది వనజ పొయ్యి దగ్గరి నుంచి.

అప్పటికే ఇల్లంతా లేచింది. చంద్రవ్వ ఏడుస్తూ రోడ్డు మీదికి ఉరికింది. రంజిత్ ఫోన్ తీసి గ్రూపులో 'మా పాప కనబడతలేదు' అని పెట్టి, దుప్పట్లమ్మే ఒక మనిషి పొద్దున అటు పోయాడని గుర్తొచ్చి బండి స్టార్ట్ చేశాడు. ఇంతసేపూ తలుపుకు గొళ్లెం పెట్టి ఉందని, తీసింది తన చెయ్యేనని, పిల్ల వాకిట్లోకి రానేలేదని అతనికి తట్టలేదు. అతని బుర్రలో అపాయమంటే బయటి నుంచి వచ్చేదే.

వనజ మాత్రం నీళ్లు తాగుతున్న పక్కింటి పిల్లను పట్టుకుని అడిగింది. ఆ పిల్ల మూతి తుడుచుకుంటూ చెప్పింది. "లాస్య దుంకి దాసుకున్నది. ఎతికినం. దొరకలే. గందుకే ఆట బంద్ జేసినం."

వనజ అర్రలోకి దూకింది. పైకి చూస్తే పత్తి తెల్లగా, నున్నగా ఉంది. ఎక్కడా గుంట లేదు, గుర్తు లేదు. చేతులతో తోడటం మొదలుపెట్టింది. గుప్పెడు తీస్తే బారెడు జారి పడుతోంది. పట్టుకుందామంటే పట్టు చిక్కదు, నెడదామంటే కదలదు. చీర కొంగు నిండా ఎత్తి తలుపు బయటికి విసిరింది. మళ్లీ విసిరింది. పత్తి బయటపడటం చూసి, బండి దిగి వెనక్కి వచ్చిన రంజిత్ గడపలో నిలబడ్డాడు.

"లాస్య లోపట్నే ఉంది!" అని అరిచింది వనజ.

"మెల్లగ! పత్తి మన్నుల పడుతుంది!" అన్నాడు రంజిత్.

నోట్లోంచి వచ్చిన మాట నోట్లోకి పోదు. అతను ఆ మరుక్షణమే లోపలికి దూకాడు, పిచ్చివాడిలా తోడాడు, చివరకు పిల్ల కాలు దొరికింది కూడా అతని చేతికే. అదంతా నిజమే. కానీ వనజ చెవిలో ఆ ముందు మాటే మిగిలిపోయింది.

కాలు పట్టి గుంజితే లాస్య బయటికొచ్చింది. పెదవులు నీలంగా మారాయి. ముక్కులో పత్తి, నోట్లో పత్తి. వనజ వేలు పెట్టి గొంతు దాకా తీసింది, బోర్లా వేసి వీపు చరిచింది. మూడోసారి చరిచాక పిల్ల దగ్గింది. భైంసాలో డాక్టరు ఆక్సిజన్ పెట్టి సాయంత్రం దాకా ఉంచుకున్నాడు. ఇంకో రెండు నిమిషాలైతే చేతికి రాకపోయేదని చెప్పి పంపాడు.

ఇంటికొచ్చాక ఏం జరగాలి? ఎవరైనా అర్ర వైపు చూడాలి కదా! చంద్రవ్వ ఉప్పు, ఎండుమిరపకాయలు గుప్పిట పట్టి పిల్ల చుట్టూ మూడుసార్లు తిప్పింది. "నిన్న గాజులమ్మేటామె వచ్చి 'పోరి ముద్దుగున్నది' అన్నది. గప్పుడే అనుకున్న, దాని కండ్లు మంచియి గావని," అంది. మిరపకాయల ఘాటుకు లాస్య మళ్లీ దగ్గితే, దిష్టి పోతోందని సంతోషించింది. రంజిత్ వాకిట్లో గొంతుకూర్చుని, విసిరేసిన పత్తిలోంచి ఆకులు, మట్టిబెడ్డలు ఏరి, శుభ్రం చేసి, అర్రలోకి మోశాడు. తెల్లారి వనజ లేచేసరికి పక్కింటి పిల్లలు అటక మీది నుంచి దుంకుతున్నారు. చంద్రవ్వ వాళ్లకు పుట్నాలు పంచుతోంది.

వనజ గోడవతల తుపుక్కున ఉమ్మేసింది. ఎవరి మీద ఉమ్మిందో ఆమెకే తెలియదు, అందరి మీదా అనుకోవచ్చు. లాస్య బట్టలు నాలుగు సంచిలో కుక్కుకుని, నిర్మల్‌లో ఒక బస్సు, జగిత్యాలలో ఒక బస్సు మారి పుట్టింటికి చేరింది.

ఆమె పుట్టిల్లు చొప్పదండి అవతల ఒక చిన్న ఊళ్లో, నేతపని వాళ్ల వాడలో ఉంది. ఇంటి ముందు గదిలో నాలుగు సాంచాలు. కరెంటు మీద నడిచే ఆ మగ్గాలను అక్కడ అందరూ సాంచాలనే అంటారు. పొద్దున ఆన్ చేస్తే సాయంత్రం దాకా టకాటకా మోత. కొత్తవాళ్లకు చెవులు చిల్లులు పడతాయి. వనజకు మాత్రం ఆ మోత వింటే ప్రాణం లేచొచ్చింది. తల్లి బాలవ్వ కండెలకు నూలు చుడుతోంది. తండ్రి అంజన్న సాంచాల మధ్య సందుల్లో పక్కకు తిరిగి నడుస్తూ, ఒక దానిలో కండె మారుస్తూ, ఒక దానిలో తెగిన పోగు అతుకుతూ ఉన్నాడు.

వనజ కథంతా చెప్పింది. ఒకసారి కాదు, వాడలో ఎవరొస్తే వాళ్లకు. రంజిత్ అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ దాన్ని రెండుసార్లు చెప్పేది.

"పిల్ల పానం పోతుంటె పత్తి మన్నుల పడుతుందన్నడు, బాపూ. కన్నతండ్రి."

"ఛీ ఛీ, ఏం మనుషులు బిడ్డా!" అన్నాడు అంజన్న. "గా దిక్కు మనుషులకు పానమంటె ఇలువ లేదు."

రంజిత్ రోజూ ఫోన్ చేసేవాడు. వనజ ఎత్తేది కాదు. ఒకే ఒక్కసారి ఎత్తి, "మీ ఇల్లంటెనే నాకు రోతొస్తుంది," అని పెట్టేసింది. ఆ మాట అన్న రోజు ఆమెకు కడుపునిండా తిన్నట్టుంది.

ఇక్కడ ఆమెకు బెంగ లేదు. పిల్ల కళ్ల ముందే ఉంది. రెండో సాంచె పక్కన మడతపెట్టిన బట్ట మీద లాస్యను పడుకోబెట్టేది. తను పుట్టినప్పుడు తల్లి తననూ అక్కడే పడుకోబెట్టేదని చెప్పి నవ్వేది. ఒకరోజు నాడె ఎగిరింది. ఇనుప మొనలున్న ఆ జానెడు కట్టె బట్టలో అటూ ఇటూ కొట్టుకోవాల్సింది పోయి, పట్టు తప్పి పిల్ల తల మీదుగా వెళ్లి గోడకు తగిలింది. ఇంత సున్నం పెళ్ల ఊడింది. అంజన్న "తప్పింది" అని నవ్వాడు. వనజ లేచి, నాడెను తీసి, ఊది, తండ్రి చేతికిచ్చి, మళ్లీ కండెల దగ్గర కూర్చుంది. నాడె ఎగరడం ఆ ఇంట్లో ఎవరికీ వార్త కాదు.

పదో రోజు మధ్యాహ్నం చంద్రవ్వ, రంజిత్ వచ్చారు. సంచిలో జామపండ్లు, పిల్లకు కొత్త గౌను తెచ్చారు. సాంచాల మోతలో వాళ్లు పిలిచింది ఎవరికీ వినిపించలేదు. చెప్పులు విడిచి గడపలో నిలబడ్డారు.

అప్పుడు మూడో సాంచె ఆగి ఉంది, రెండోది నడుస్తోంది. రెండింటి మధ్యా మనిషి పక్కకు తిరిగితేనే పట్టే సందు. ఆ సందులో లాస్య నిలబడి ఉంది. ఆగిన సాంచెలో తెగిన పోగు కొసను రెండు వేళ్లతో పట్టుకుని, నాలుక బయటపెట్టి, కదలకుండా ఉంది. తాత పట్టుకొమ్మన్నాడు మరి. కొత్త నూలు తేవడానికి అతను వెనక గదిలోకి పోయాడు. పిల్ల వీపు వెనక రెండో సాంచెను తిప్పే తోలు పట్టా గిర్రున తిరుగుతోంది. ఆ గాలికి పిల్ల గౌను అంచు లేచి, పట్టాకు వేలెడు దూరంలో అల్లల్లాడుతోంది. ఎదురుగా కండెల దగ్గర కూర్చున్న వనజ ఇదంతా చూస్తూనే ఉంది. చూసి, తన పిల్లకు ఇంత చిన్న వయసులోనే పని మీద ఎంత ధ్యాసో అని మురుస్తోంది కూడా.

చంద్రవ్వ అరిచిన అరుపు మోతను దాటి వినిపించింది. అరవై ఏళ్ల మనిషి ఒక్క అంగలో వచ్చి, సందులో చెయ్యి పెట్టి, పిల్ల రెక్క పట్టి బయటికి గుంజింది.

వనజ దిగ్గున లేచింది. "మెల్లగ! పోగు తెగుతది!" అని అరిచింది.

అరిచాక ఆ మాట తనకే వినిపించింది. అది తన గొంతే. ఎవరో తన నోట్లో పెట్టిన మాట కాదు, ఆలోచించి అన్నదీ కాదు. కడుపులో ఎప్పటి నుంచో ఉన్నది బయటికొచ్చింది. రంజిత్ గడపలోనే నిలబడి ఆమె వంక చూశాడు. వనజ చూపు దించుకుంది.

బాలవ్వ గబగబా స్విచ్చు ఆపింది. మోత ఆగిపోయింది. వెనక గదిలోంచి అంజన్న నూలు చుట్టతో వచ్చి, "ఎవరు బంద్ జేసిన్రు? నడిమిట్ల ఆగితె బట్ట మీద గీత పడుతది," అంటూ వియ్యపురాలిని చూసి నవ్వు పులుముకున్నాడు. "ఓ, చెల్లె వచ్చిందా! కూసో చెల్లె."

"ఏం కూసుండుడు అన్నా!" చంద్రవ్వ పిల్లను రొమ్ముకు అదుముకుంది. "గీ మిషిన్ల నడుమ పోరిని నిలవెట్టిన్రా? గౌను అందుకుంటె ఏం మిగులుతుండె? మీరు మనుషులా, ఇంకేమన్ననా? ఛీ! నాకైతె రోతొస్తుంది."

"ఏం గాదు చెల్లె. పిల్లలకు అలవాటే. మన సాంచాలే గద."

"మన సాంచాలైతె? గవ్విటికి మనం తెలుస్తమా?"

"అన్నం పెట్టేటియి చెల్లె. దసరకు పసుపుకుంకుమ పెట్టి మొక్కుతం. గవి ఏం జేస్తయి?"

చంద్రవ్వ అతని కుడి చెయ్యి పట్టుకుని పైకెత్తింది. చూపుడువేలు, నడిమి వేలు సగం దాకానే ఉన్నాయి. "మరి గీ ఏళ్లు ఏడవోయినయి?"

అంజన్న తన చేతిని తానే కొత్తగా చూసినట్టు చూశాడు. తర్వాత తేలిగ్గా నవ్వాడు. "గివ్వా? గివి దెబ్బ తాకి పోలేదు చెల్లె. పనిల పోయినయి."

వనజ ఆ చేతిని పుట్టినప్పటి నుంచీ చూస్తోంది. ఆ చేత్తోనే అన్నం తినిపించుకుంది, ఆ చెయ్యి పట్టుకునే బడికి పోయింది. మీ ఇంట్లో ఎవరికైనా ఎప్పుడైనా ప్రమాదం జరిగిందా అని ఎవరడిగినా 'లేదు' అనే చెప్పేది, అబద్ధం చెబుతున్నానని కాక నిజమేనని నమ్మి. పక్కింటి కోమల కన్ను నాడె తగిలి పోయింది. దాన్ని కూడా ఈ వాడలో దెబ్బ అనరు. బస్సు గుద్దితే దెబ్బ, కుక్క కరిస్తే దెబ్బ. సాంచె తీసుకుంటే అది పని. గురిగింజకు తన కింది నలుపు కనబడదంటారు. ఈ పది రోజులూ వాడంతా తిరిగి ఆ గింజ లాగే మాట్లాడానని వనజకు తెలిసి, తన మీద తనకే వెగటు పుట్టింది.

రంజిత్ దగ్గరికి వచ్చి నెమ్మదిగా అన్నాడు. "పత్తి మన్నుల పడుతుందని నేనన్నందుకు నాతోని పది దినాలు మాట్లాడలే నువ్వు."

"అవు."

"ఇగ నువ్వేమన్నవ్?"

"ఇన్నవ్ గద. మల్ల నాతోని ఎందుకు అనిపిస్తవ్?" అంది వనజ. పిల్ల వైపు చూసి, "నువ్వూ నేనూ ఒక్కటే. నీదీ రోతనే, నాదీ రోతనే. గని గా అర్ర ఖాళీ అయినంకనే నేనస్త. గీ సాంచాల కాడ సుత పిల్లనుంచ," అంది.

ఆ మాటకు రంజిత్ తల ఊపబోయాడు. ఇన్నేళ్లలో పెళ్లాం మాటకు అతను తల ఊపబోవడం అదే మొదటిసారి. ఇంతలో చంద్రవ్వ అడ్డం వచ్చింది.

"అర్ర ఖాళీ జేసి పత్తినేడ పోస్తం బిడ్డా? వాకిట్ల పోస్తె మంచుకు నానుతది. నల్లవడుతది."

"గది నిజమే," అన్నాడు అంజన్న వెంటనే. "పత్తికి తడి తాకితె నాశనమే. చెల్లె చెప్పేదాంట్ల తప్పు లేదు బిడ్డా."

చంద్రవ్వ మొహం కాస్త మెత్తబడింది. మర్యాదకు మర్యాద ఇవ్వాలి కదా. "నేను గుంజంగ మీ పోగు తెగిందా ఏంది అన్నా?" అని అడిగింది.

"తెగితె తెగిందిలే చెల్లె. అతుకుతం. గంత పెద్ద ముచ్చట గాదు."

బాలవ్వ చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. ఇంతకుముందు ఒకరినొకరు ఛీ అనుకున్న ఇద్దరు పెద్దమనుషులూ ఇప్పుడు పక్కపక్కన నులక మంచం మీద కూర్చుని, పత్తికి మంచు ఎట్లా చేటు చేస్తుందో, పోగుకు తేమ ఎట్లా చేటు చేస్తుందో మాట్లాడుకుంటున్నారు. దేనికి ఏం తగిలితే ఏమవుతుందో అన్నీ తెలుసు వాళ్లకు. చంద్రవ్వ ఒళ్లో కూర్చున్న పిల్ల ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు. వనజ వచ్చి, అత్త ఒళ్లోంచి లాస్యను ఎత్తుకుని వీధిలోకి నడిచింది. వెనక సాంచాలు మళ్లీ మొదలయ్యాయి.

లాస్య ఇంకా వెక్కుతోంది. రెక్క మీద చంద్రవ్వ వేళ్లు పడ్డ చోట ఎర్రగా కందింది. వనజ ఆ చోట నిమిరింది. పిల్ల తల్లి మొహం వంక భయంభయంగా చూసింది.

"మమ్మీ," అంది. "నేను పోగు తెంపలే. బాపమ్మ గుంజింది."

వనజ 'అవు బిడ్డా, నువ్వు తెంపలే' అని ఓదార్చబోయి, ఆ ఓదార్పు ఎంత పాడుదో తెలిసి, నాలుక కరుచుకుంది.

"తెంపితె తెంపుదువు బిడ్డా," అంది. "ఇంకోసారి ఎవలన్న పట్టుకొమ్మంటె తెంపి పారేసి బయటికి ఉరుకు. నేనేమనను."

లాస్య నమ్మలేదు. తల్లి ఇందాక ఎట్లా అరిచిందో ఆ పిల్ల చెవులారా విన్నది. తల దించుకుని, ముక్కు చీదుకుంటూ, తాను తెంపలేదని మళ్లీ చెప్పింది.